సంప్రదింపు, సారథ్యం: సర్గ్ సంఘటన వెలుగులో



అల్లాహ్‌ను స్తుతించి, ఆయన ప్రవక్త (సఅసం)పై దరూద్ పంపిన పిదప ఈ శుక్రవారం మనం ఒక విషయాన్ని పరిశీలిద్దాం. సమాజానికి కష్టం ఎదురైనప్పుడు నిర్ణయం ఎవరు చేయాలి? ఎవరిని అడిగి చేయాలి? అడిగిన తర్వాత తలా ఒక మాట చెబితే ఏం చేయాలి? ఈ పరస్పర సంప్రదింపునే మన ధర్మం షూరా అంటుంది.

దివ్యఖుర్ఆన్‌లో ఒక సూరాకు ఆ పేరే ఉంది. 42వ సూరా అయిన అష్షూరా 38వ ఆయతులో అల్లాహ్ విశ్వాసుల గుణాలను వివరిస్తూ, నమాజు స్థాపనకూ ఆయన ఇచ్చిన ఉపాధిలోంచి ఖర్చు చేయడానికీ నడుమ సంప్రదింపును ప్రస్తావించాడు. నమాజునూ దానాన్నీ మనం ఆరాధనలుగా ఎంచుతాం. వాటి మధ్యనున్న సంప్రదింపును మాత్రం పాలకుల వ్యవహారమని పక్కన పెడతాం. కానీ ఈ సూరా మక్కాలో అవతరించింది. అప్పటికి ముస్లింలకు రాజ్యమూ లేదు, సైన్యమూ లేదు. పీడన అనుభవిస్తున్న కొద్దిమందికే ఈ గుణం బోధించబడింది.

దీని ఆచరణ రూపం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో జరిగిన ఒక సంఘటనకు మించినది మాకు కనబడలేదు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అబ్బాస్ (రజి) ఉల్లేఖించిన ఆ వృత్తాంతం సహీహ్ బుఖారీలోనూ సహీహ్ ముస్లింలోనూ ఉంది.

హజ్రత్ ఉమర్ (రజి) మదీనా నుంచి షామ్ దేశానికి బయలుదేరారు. హిజాజ్, షామ్ సరిహద్దులో ఉన్న సర్గ్ అనే చోటికి చేరేసరికి సైన్యాధిపతి హజ్రత్ అబూ ఉబైదా బిన్ జర్రాహ్ (రజి), ఆయన సహచరులు ఎదురొచ్చి, షామ్‌లో ప్లేగు వ్యాపించిందని తెలిపారు. ముందుకు సాగాలా, వెనుదిరగాలా? ఖలీఫా వెంట దైవప్రవక్త (సఅసం) సహచరులు ఎందరో ఉన్నారు.

ఆయన మొదట తొలినాటి ముహాజిర్లను పిలిపించారు. వారిలో ఏకాభిప్రాయం కుదరలేదు. ఒక పని కోసం బయలుదేరాక తిరిగిపోరాదని కొందరు, ఇంతమందిని వ్యాధి నోటికి అప్పగించరాదని మరికొందరు అన్నారు. వారిని పంపించి అన్సార్లను పిలిచారు. వారూ అలాగే రెండుగా చీలారు. అప్పుడు మక్కా విజయ కాలంలో వలస వచ్చిన ఖురైష్ పెద్దలను పిలిచారు. తిరిగిపోవడమే మేలని వారంతా ఒకే మాటగా చెప్పారు. తెల్లవారగానే మదీనాకు తిరిగి ప్రయాణమని హజ్రత్ ఉమర్ (రజి) ప్రకటించారు.

ఇక్కడ కాస్త ఆగుదాం. ఇస్లాం స్వీకరించడంలో ముందున్నవారితో పోలిస్తే ఈ ఖురైష్ పెద్దలు తరువాతి వరుసవారు. ఖలీఫా హోదాల క్రమంలోనే పిలిచారు, కానీ సలహాను హోదాతో తూచలేదు. అందరినీ ఒకేసారి కూర్చోబెట్టకుండా విడివిడిగా అడగడంలో కూడా వివేకం ఉందని మాకు తోస్తుంది. మహామహులు ఎదురుగా ఉంటే తరువాతివారి నోరు పెగలదు. మన సమావేశాల్లోనూ అసలు అభిప్రాయాలు సభ ముగిశాక చాయ్ దగ్గరే కదా బయటికొచ్చేది!

నిర్ణయం ప్రకటించాక కూడా అభ్యంతరం వచ్చింది. అల్లాహ్ విధివ్రాత నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) నేరుగా ఖలీఫానే అడిగారు. ఈ మాట మరొకరెవరైనా అని ఉంటే బాగుండేదని హజ్రత్ ఉమర్ (రజి) నొచ్చుకున్నారు, ఎందుకంటే ఆయనతో విభేదించడం తమకు ఇష్టం లేదు. అయినా నోరు మూయించలేదు. తాము అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపుకే పోతున్నామని చెప్పి, ఒక ఉపమానంతో వివరించారు. ఒక లోయకు ఒకవైపు పచ్చిక, మరొకవైపు బీడు ఉంటే ఒంటెలను ఎటు తోలినా అది అల్లాహ్ విధి ప్రకారమే కదా అన్నది దాని సారం.

అప్పుడు హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చారు. ఏదో పని మీద వెళ్లి ఉన్నందున ఆయన ఈ చర్చల్లో లేరు. అంటువ్యాధి ఉన్న ప్రాంతానికి పోరాదనీ, తామున్న చోట అది వ్యాపిస్తే పారిపోయి బయటికి రారాదనీ దైవప్రవక్త (సఅసం) చెప్పగా తాను విన్నానని తెలిపారు. హజ్రత్ ఉమర్ (రజి) అల్లాహ్‌ను స్తుతించి మదీనాకు మరలారు.

ఈ వృత్తాంతంలో మనల్ని అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసేది ఈ చివరి భాగమే. మూడు బృందాలతో చర్చ జరిగింది, ఉమ్మత్‌లోని మేధావులు ఎందరో అక్కడే ఉన్నారు. అయినా సమస్యకు నేరుగా జవాబు చెప్పే హదీసు ఆ సమయంలో అక్కడ లేని ఒక మనిషి దగ్గర ఉంది. 2020లో లాక్‌డౌన్ వేళ మన మస్జిద్‌ల తలుపులు మూసి, జుమాకు బదులు ఇళ్లలోనే జుహర్ చేసుకున్నప్పుడు ఈ హదీసును మనం ఎన్నోసార్లు విన్నాం. అది మన దాకా ఏ సందర్భంలో చేరిందో మాత్రం అంతగా చెప్పుకోలేదు.

తరువాతి కథ విషాదకరం. అమ్వాస్ ప్లేగుగా చరిత్రకెక్కిన ఆ వ్యాధి హిజ్రీ 18లో ఎందరినో బలిగొంది. హజ్రత్ అబూ ఉబైదా (రజి)ను కాపాడుకోవాలన్న ఆశతో ఖలీఫా తన వద్దకు రమ్మని లేఖ రాశారనీ, తన సైనికులను విడిచి రాలేనని ఆయన వినయంగా జవాబిచ్చారనీ చరిత్రకారులు రాశారు. ఆయన ఆ వ్యాధితోనే కన్నుమూశారు. ఆయన స్థానంలోకి వచ్చిన హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి) కూడా దానికే బలయ్యారు. ఖలీఫాతో విభేదించిన మనిషి విశ్వాసాన్ని గానీ నిజాయితీని గానీ ఎవరూ శంకించలేదని గమనించండి.

సంప్రదించి చేసిన పని విఫలమైతే? ఉహద్‌లో అదే జరిగింది. మదీనాలోనే ఉండి పోరాడాలన్నది దైవప్రవక్త (సఅసం) అభిప్రాయం. బయటికి వెళ్దామని పలువురు, ముఖ్యంగా యువకులు కోరారు. ఆయన వారి మాట మన్నించారు. ఆ యుద్ధంలో 70 మంది అమరులయ్యారు. ఇక ఎవరినీ అడగనక్కర్లేదని ఎవరైనా అనుకునే సందర్భమది. కానీ దాని తర్వాత అవతరించిన ఆలి ఇమ్రాన్ సూరా 159వ ఆయతు వారిని క్షమించమనీ, వ్యవహారాల్లో వారిని సంప్రదించమనీ, నిశ్చయించుకున్నాక అల్లాహ్‌పై భారం వేయమనీ ఆదేశించింది.

ఇప్పుడు మన జమాఅత్‌ల వైపు చూద్దాం. మన బస్తీల్లో ఎన్నో కుటుంబాలు వడ్డీ అప్పుల్లో కూరుకుపోయి ఉన్నాయి. వారం వాయిదాల మైక్రోఫైనాన్స్ అప్పులు ఎక్కువగా స్త్రీల పేరనే ఉంటాయి. వడ్డీ హరామ్ అని మనం మింబర్ మీద నుంచి చెబుతాం, చెప్పవలసిందే. అయితే ఆ తల్లి ఆ అప్పు ఆసుపత్రి ఖర్చుకు తెచ్చిందా, కూతురి పెళ్లికి అడిగిన కట్నానికి తెచ్చిందా, ఆటో కొనడానికి తెచ్చిందా? కమిటీలో కూర్చున్న పెద్దలకు అది తెలియకపోవచ్చు. ఆమెకు తెలుసు. ఆడపిల్ల పదో తరగతితో చదువు ఎందుకు ఆపేసిందో ఆ పిల్లకు తెలుసు. గల్ఫ్‌కు పోయే కుర్రవాడు ఏజెంటుకు ఎంత కట్టాడో అతనికే తెలుసు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) లాగా వీరెవరూ మన చర్చల వేళ అక్కడ ఉండరు. ఆయన తానుగా వచ్చి చెప్పగలిగారు, వీరికి పిలుపు కావాలి.

స్త్రీలనూ యువకులనూ అడగడం కొత్త పోకడ కాదు. హుదైబియా ఒప్పందం తర్వాత సహచరులు మనస్తాపంతో ఖుర్బానీకి కదలనప్పుడు, దైవప్రవక్త (సఅసం) హజ్రత్ ఉమ్మె సలమా (రజి) సలహా ప్రకారం ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లి తమ ఖుర్బానీ ఇచ్చి తల గొరిగించుకున్నారు. అది చూసి అందరూ లేచారు. హజ్రత్ ఉమర్ (రజి) యువకుడైన ఇబ్నె అబ్బాస్‌ను బద్ర్ యోధుల సరసన కూర్చోబెట్టుకునేవారు. ఆ వయసు కొడుకులు తమకూ ఉన్నారని కొందరు గొణిగినా ఆయన మానలేదు.

కనుక కమిటీ పెద్దలకు మా విన్నపం ఇది. ఇషా తర్వాత పెట్టే సమావేశానికి పిల్లల తల్లులు రాలేరు. నెలకొక ఆదివారం పగటిపూట, పరదా ఏర్పాటుతో వారికొక సమయం కేటాయించండి. అప్పుల విషయం మొదట వారినే అడగండి. మొదటిసారి నలుగురే రావచ్చు, అయినా మానకండి. విన్నాక బైతుల్‌మాల్ నుంచి ఏం చేయగలరో నిర్ణయించి, ఆ నిర్ణయాన్ని వారికి తిరిగి తెలియజేయండి. కుదరని దాన్ని కుదరదని కారణంతో సహా చెప్పండి.

అల్లాహ్ ఈ పనిలో మనకు తోడ్పడుగాక! ఆమీన్.