పదవ తరగతి అనంతరం వ్యవసాయ డిప్లొమా: ఎంపికలో గమనించవలసిన అంశాలు

పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులకు ఇంటర్మీడియట్, ఐటిఐలతో పాటు వ్యవసాయ పాలిటెక్నిక్ కూడా ఒక మార్గము. ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిధిలో వ్యవసాయ, విత్తన సాంకేతిక డిప్లొమాల కాలపరిమితి 2 సంవత్సరాలు. వ్యవసాయ ఇంజనీరింగ్ డిప్లొమాకు 3 సంవత్సరాలు.

ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివి బి.ఎస్సీ. (ఆనర్స్) వ్యవసాయ కోర్సు పూర్తిచేయుటకు పదవ తరగతి తరువాత మొత్తం 6 సంవత్సరాలు పడుతుంది. రెండేళ్ల డిప్లొమా అనంతరం అగ్రిసెట్ ద్వారా అదే కోర్సులో చేరినవారికీ అంతే కాలం. కనుక డిప్లొమా వలన కాలనష్టం లేదు. పైగా ఆర్థిక కారణాలతో చదువు అక్కడితో ఆగినా అది ఉపాధికి అర్హతగా నిలుస్తుంది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన గ్రామ వ్యవసాయ సహాయకుల నియామకాలకు డిప్లొమా అభ్యర్థులు కూడా అర్హులే.

అయితే రెండు పరిమితులను గుర్తించాలి. అగ్రిసెట్ సీట్లు పరిమితం. డిగ్రీ ప్రవేశం అందరికీ దక్కదు. వ్యవసాయ ఇంజనీరింగ్ డిప్లొమా బి.టెక్.కు దారితీస్తుంది, బి.ఎస్సీ. వ్యవసాయానికి కాదు. అంటే పదిహేనేళ్ల వయసులో ఎంచుకున్న శాఖయే తదుపరి చదువును నిర్ణయిస్తుంది.

కావున విస్తరణ శాస్త్రవేత్తలు గ్రామ సందర్శనల సమయంలో, పదవ తరగతి ఫలితాలకు ముందే, ఈ వివరాలను ఉన్నత పాఠశాలల విద్యార్థులకు, తల్లిదండ్రులకు తెలియజేయుట అవసరం.