ఉప్పెన మిగిల్చిన పిల్లవాడు – మన కర్తవ్యము

పులిగడ్డయొద్ద కృష్ణానది రెండు పాయలుగా చీలి సముద్రమును చేరులోపల నేర్పడిన భూమియే దివిసీమ. కార్తీకమాసములో అచ్చటి రైతు కన్నులు సార్వా వరివెన్నులపైననే యుండును. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేది శనివారమునాడును అట్లే యుండెను. ఆనాటి తుఫానులో సముద్రము సుమారు 5 మీటర్ల యెత్తున ఉప్పెనయై పొంగి నాగాయలంక, కోడూరు ప్రాంతముల పల్లెలను ముంచివైచెను. 10,000 మందికి పైగా మరణించిరని అంచనా. సొర్లగొంది వంటి గ్రామములలో కుటుంబములకు కుటుంబములే తుడిచిపెట్టుకొని పోయెను. అంతకు పూర్వము 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదిన బందరును ముంచిన ఉప్పెన సుమారు 30,000 మందిని పొట్టన బెట్టుకొనెను.

మృతులను లెక్కించుట అందఱును చేయుదురు. మిగిలిన పిల్లలను గూర్చి యోచించువారు తక్కువ. బందరులోనో గుడివాడలోనో చదువుకొనుచున్న పదునాఱేండ్ల బాలు డొకడు వార్త విని యింటికి వచ్చెననుకొందము. ఇల్లు లేదు. తల్లిదండ్రులు లేరు. కొట్టములో పశువు లేదు. పొలము మాత్రము కలదు. దానిపై ఉప్పునీరు నిలిచియున్నది. తండ్రి చేసిన అప్పును కలదు. ఇక వానికి దుఃఖించుటకైనను తీరిక యేది?

“మగవాడవు, ఏడ్వరాదు” అని పెద్దలు మందలించుట పరిపాటి. అది తగదని మా యభిప్రాయము. ఏడ్చువాని నేడ్వనిచ్చి ప్రక్కన కూర్చుండుటయే పెద్దరికము. పదిదినముల పిమ్మట చుట్టములు వెడలిపోవుదురు. ఇరుగుపొరుగువారి యవసరము అప్పుడే మొదలగును.

మొదట వాని భూమిని కాపాడవలెను. 1956వ సంవత్సరపు హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టము ననుసరించి, కేవలము తాను సాకుచున్నానను కారణముచేత ఏ బంధువునకును మైనరు ఆస్తిని విక్రయించు అధికారము లేదు. ఈ సంగతి తెలియక తొందరపడి వ్రాయించిన కాగితములవలన పిల్లలు నష్టపోవుదురు.

తరువాత పొలము. గట్లు సరిచేసి, కాలువ మంచినీరు పెట్టి, కొన్నాళ్లు నిలువగట్టి, మురుగుకాలువలోనికి తీసివేయవలెను. పలుమారు లిట్లు చేసినగాని ఉప్పు దిగదు. పిమ్మట జీలుగ చల్లి, పూతకు రాగానే కలియదున్నవలెను. ఆ పైరు ఉప్పును కొంతవఱకు ఓర్చుకొనును. అయితే ఇది ఒక్కని పని కాదు. పై పొలమువాడు నీరు వదలవలెను. క్రింది పొలమువాడు మురుగునకు దారి యీయవలెను. ఒంటరి పిల్లవానికి ఊరు తోడుపడనిచో ఆ చేను బీడుపడును.

కడపట మన సంఘముల మాట. సభ్యుడు మరణించినచో, సంఘములోని యాతని వాటాధనము ఆతడు నామినీగా వ్రాయించిన వారికి, అట్టివారు లేనిచో వారసులకు చెందును. కాని నామినీ పేరు వ్రాయించనివారు ఎందఱో కలరు. మనమున్నపుడు రెండు నిమిషములలో జరుగు పనికి, మనము లేనపుడు మన బిడ్డ కచేరీలచుట్టు తిరుగవలసి వచ్చును.

కావున సభ్యులందఱును తమ సంఘమునకు పోయి తమ పుటను తీయించి చూచుకొందురు గాక. అట్లే తమ గ్రామమున దిక్కులేని యువరైతు ఎవడైన నున్నచో, ఈ సార్వాకు వాని పొలములో మొదటి నాగలి మనదే కావలెను.