ఉపాధ్యాయుల సమష్టి కృషి – విద్యార్థి ప్రగతి

విద్యార్థి ఉత్తీర్ణుడైన నాడు ఆ కీర్తిని పంచుకోవడానికి ఉపాధ్యాయులందరూ ముందుకు వస్తారు. విఫలుడైన నాడు మాత్రం ‘నా బోధనలో లోపం లేదు’ అని ఎవరికి వారు తప్పుకుంటారు. ఈ పరిస్థితి ప్రాథమికోన్నత దశలో, అనగా ఆరు నుండి ఎనిమిది తరగతులలో, ఎక్కువగా గోచరిస్తుంది. కళాశాలలో బోధించే మాకు ఇంటర్మీడియట్ విద్యార్థులలో సైతం ఆనాటి లోపాలు కనిపిస్తూనే ఉంటాయి. కావున దీని కారణాన్ని, నివారణను పరిశీలిద్దాం.

ప్రాథమిక తరగతులలో సాధారణంగా ఒక్క ఉపాధ్యాయుడే అన్ని పాఠాలూ చెబుతాడు. బాలుడు ఏ పూట ఆకలితో వచ్చాడో, ఏ అక్షరం వద్ద తడబడుతున్నాడో ఆయనకు తెలుసు. ఆరవ తరగతిలో గంట మోగినప్పుడల్లా ఒక కొత్త గురువు వస్తాడు. 2009 నాటి విద్యాహక్కు చట్టం కూడ ఈ దశలో విజ్ఞాన, గణిత శాస్త్రాలకు, సాంఘిక శాస్త్రానికి, భాషలకు కనీసం ఒక్కొక్కరు చొప్పున ఉపాధ్యాయులు ఉండాలని నిర్దేశించింది. విషయ పరిజ్ఞానం దృష్ట్యా ఇది సముచితమే. కాని గురువులు పెరిగినకొద్దీ బాలుని సమగ్రంగా ఎరిగినవారు కరవవుతారు.

దీనినే మన పెద్దలు అంధగజ న్యాయమన్నారు. మౌలానా రూమీ ‘మస్నవీ’లో ఈ కథ చీకటి ఇంటిలోని ఏనుగు కథగా ఉన్నది. తొండం తాకినవానికి అది గొట్టం, చెవి తాకినవానికి విసనకర్ర, కాలు తాకినవానికి స్తంభం. అక్కడివారు గుడ్డివారు కారు. వారి చేతిలో దీపం లేదు, అంతే.

ఉర్దూ మాధ్యమంలో ఐదవ తరగతి ముగించి, తెలుగు మాధ్యమంలో ఆరవ తరగతి చేరిన ఒక బాలికను ఊహించుకుందాం. 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు గల స్థలం వైశాల్యమెంత అని ప్రశ్న. పన్నెండు ఎనిమిదులు తొంభై ఆరని ఆమెకు కంఠస్థమే. కాని తాను ‘రఖ్బా’ అని నేర్చినదే ‘వైశాల్యం’ అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కాగితం ఖాళీగా మిగులుతుంది. ఆమెకు లెక్కలు రావని గణితోపాధ్యాయుడు భావిస్తాడు. ఆమె భాషాసమస్య తెలుగు పండితునికి తెలుసు. లెక్కల సంగతి తెలియదు. పూర్వం ఆమె చురుకైన పిల్ల అని ఉర్దూ ఉపాధ్యాయునికి తెలుసు. ఆయనను అడిగేవారు లేరు. ఈ ముగ్గురూ పావుగంట కూర్చుంటే, లోపం గణితంలో కాదు, మాటలో ఉన్నదని తేలిపోతుంది. ‘ముసల్లస్’ త్రిభుజమని, ‘కసర్’ భిన్నమని రెండు భాషలలో ఒక పట్టిక వ్రాసి గోడకు తగిలిస్తే చాలు.

ఇటువంటి సమష్టి కృషి మన ప్రాంతానికి కొత్త కాదు. 1918లో ఉర్దూ మాధ్యమంతో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం పారిభాషిక పదాలను శాస్త్ర పండితులు, భాషా పండితులు కలిసి కూర్చుని నిర్ణయించారు. 1964–66 నాటి కొఠారీ కమిషన్ ఇరుగుపొరుగు పాఠశాలలు పరస్పరం సహకరించుకొనేందుకు స్కూల్ కాంప్లెక్స్‌లను సూచించగా, 2020 జాతీయ విద్యావిధానం ఆ సూచననే మరల ముందుకు తెచ్చింది. అమెరికాలో 1989లో వెలువడిన కార్నెగీ మండలి నివేదిక, మాధ్యమిక పాఠశాలలలో కొందరు ఉపాధ్యాయులు ఒక జట్టుగా అదే విద్యార్థి బృందం బాధ్యత వహించాలని సిఫారసు చేసింది.

ఆచరణకు పెద్ద వ్యయం అక్కరలేదు. మొదట, ఒకే తరగతికి బోధించేవారందరికీ వారానికి ఒక పీరియడ్ ఉమ్మడిగా ఖాళీ ఉండేలా ప్రధానోపాధ్యాయుడు కాలపట్టికను రూపొందించాలి. రెండవది, ఆ సమయంలో సర్క్యులర్లు గాక, విద్యార్థులను గురించియే చర్చించాలి. వెనుకబడిన ఇద్దరు ముగ్గురి పేర్లు తీసుకొని, ఎవరు ఏమి గమనించారో, ఎవరు ఏమి చేయాలో ఒక పుస్తకంలో వ్రాసి, మరుసటి వారం సరిచూడాలి. మూడవది, ఇంటిపని, పరీక్షలు అన్నీ ఒకే రోజున పడకుండ చూసుకోవాలి. నాల్గవది, తల్లిదండ్రులకు అందరి పక్షాన ఒకే మాట చెప్పాలి. అయితే ఈ సమావేశం పిల్లల లోపాలను ఎంచే సభగా మారరాదు. తోటి ఉపాధ్యాయుని తప్పుపట్టే వేదిక అంతకంటె కారాదు. అట్లయితే నోరు విప్పేవారుండరు.

పాఠశాలలతో సంబంధం గల మన కమిటీ పెద్దలు ఆ ఒక్క పీరియడ్‌ను కాపాడాలని, రేపు ఉపాధ్యాయులు కాబోయే విద్యార్థినీ విద్యార్థులు ఈ అలవాటును ఇప్పటి నుండే పెంపొందించుకోవాలని మా ఆకాంక్ష. పదవ తరగతిలో తప్పిన పిల్లలను లెక్కించడం కంటె, ఆరవ తరగతిలోనే వారి కాగితం ఎందుకు ఖాళీగా ఉన్నదో కలిసి తెలుసుకోవడం మేలు.