కారు చార్జింగు తీగ కొంటున్నారా?

మీ ఇంటికి కరెంటు కారో, పెట్రోలుతోపాటు ప్లగ్గు కూడా ఉన్న హైబ్రిడ్ కారో వచ్చిందా? అయితే తీగ కొనేముందు ఒక్క మాట.

ఇస్త్రీపెట్టె లాగేది వెయ్యి వాట్లు, అదీ కాసేపే. కారైతే 15 ఆంపియర్ల ప్లగ్గు మీద మూడు వేల వాట్ల పైనే, అదీ గంటల తరబడి లాగుతుంది. అందుకే ఎక్స్‌టెన్షన్ బాక్సు జోలికి వెళ్లకండి. వేడెక్కి అంటుకోగలదు.

ప్లగ్గు నుంచి కారు నిలిపే చోటుదాకా టేపుతో కొలిచి, సరిపడా పొడవున్న తీగే తీసుకోండి. మీ కారుకు పట్టేది ‘టైప్ 2’ మూతి అవునో కాదో చూసుకోండి. 32 ఆంపియర్ల తీగ కొన్నంత మాత్రాన బ్యాటరీ త్వరగా నిండదు. కారు లోపలి చార్జరు ఎంత తీసుకోగలదో అంతే! మీటరు దగ్గర్నుంచి విడిగా వైరు లాగించి, ఎంసీబీ పెట్టించండి.

మన ఓరుగల్లు ఎండలకు ఎర్తు గుంత ఎండిపోతుంది. వేసవిలో అందులో బిందెడు నీళ్లు పోయడం మరవకండి సుమా!