మార్కాపురంలో వాన కబురు ఎందుకు తప్పుతుంది? ఫోన్‌లోని బారోమీటర్ సాయం చేస్తుందా?

మార్కాపురం వైపు కళ్లంలో మిర్చి ఆరబోసుకున్న ఇంట్లో ఇప్పుడు ఆకాశం కన్నా ముందు చూసేది ఫోన్‌నే. వెదర్ యాప్‌లో వాన 60 శాతం అని కనిపిస్తే పరుగెత్తి పట్టలు కప్పేస్తారు. చుక్క పడదు. మర్నాడు 10 శాతమే కదా అని పడుకుంటే అర్ధరాత్రి దంచి కొడుతుంది. తడిసిన మిర్చికి రంగూ పోతుంది, రేటూ పోతుంది. తిట్లేమో యాప్‌కి.

నిజానికి యాప్ చేసేది చాలావరకు చూపించడమే. లెక్క జరిగేది ఎక్కడో సూపర్‌కంప్యూటర్‌లో. 2025 మే 26న మొదలైన మన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌నే తీసుకోండి. పుణెలోని ఐఐటీఎం తయారుచేసింది. గాలిని 6 కిలోమీటర్ల గడులుగా విడగొట్టి, ఒక్కో గడిలో గాలి ఎటు కదులుతుందో, తేమ ఎంతో లెక్కేస్తుంది. అంటే భారీ ఫ్లూయిడ్ సిమ్యులేషన్ అన్నమాట. ఇంతకుముందు గడి సైజు 12 కిలోమీటర్లు. అక్కడి ‘అర్క’ సూపర్‌కంప్యూటర్ స్పీడ్ 11.77 పెటాఫ్లాప్స్. స్పెక్స్ అదుర్స్! కానీ ఈ క్షణంలో గాలి ఎలా ఉందో తప్పుగా ఇస్తే, అంత మెషీన్ కూడా తప్పే చెబుతుంది.

ఆ ‘ఈ క్షణం’ తెలుసుకోవడానికి ఉన్నవి రెండు: మోడల్ ఇదివరకే వేసిన అంచనా, సెన్సార్ల కొలతలు. రెండిట్లోనూ తప్పులుంటాయి. రెండిటినీ కలిపే పనినే డేటా అసిమిలేషన్ అంటారు.

గిద్దలూరులో ఇప్పుడు 36 డిగ్రీలని మోడల్ చెబుతోంది, తప్పు అటూ ఇటూ 2 డిగ్రీలు అనుకుందాం. థర్మామీటర్ 33 అంటోంది, దాని తప్పు 1 డిగ్రీ. సగటు తీసి 34.5 అనేస్తే కుదరదు. తప్పుల వర్గాలు 4, 1. కాబట్టి తేడాలో 5కి 4 వంతులు థర్మామీటర్ వైపు జరగాలి. జవాబు 33.6. కొత్త అంచనాలో తప్పు సుమారు 0.9 డిగ్రీ, అంటే థర్మామీటర్ ఒక్కదాన్నే నమ్మినదానికన్నా తక్కువ. ఎంత తప్పుగా చెబుతుందో తెలిస్తే చాలు, తప్పు చెప్పే మోడల్ కూడా పనికొచ్చింది చూశారా? 1960లో రుడాల్ఫ్ కాల్మన్ ఇచ్చిన ఫిల్టర్‌కు గుండెకాయ ఇదే.

మరి గిద్దలూరు రీడింగ్‌తో మార్కాపురం లెక్క సరిచేయొచ్చా? చేయొచ్చు. 1994లో గైర్ ఎవెన్‌సెన్ చూపిన దారిలో, ఒక్క సిమ్యులేషన్ బదులు కాస్త కాస్త మార్చి పదుల కొద్దీ నడుపుతారు. వాటిల్లో గిద్దలూరులో ప్రెషర్ తగ్గినప్పుడల్లా మార్కాపురంలో తేమ పెరుగుతోందనుకోండి, ఆ సంబంధాన్ని బట్టి ఇక్కడి రీడింగ్‌తో అక్కడి అంచనానూ జరుపుతారు.

ఇన్ని తెలివితేటలున్నా కొలతలు కావాలిగా! మార్కాపురం ప్రాంతం ఇబ్బంది అక్కడే. మచిలీపట్నం రాడార్, హైదరాబాద్ రాడార్ రెండూ మార్కాపురానికి దాదాపు 200 కిలోమీటర్ల దూరం. శ్రీహరికోట ఇంకా దూరం. 0.5 డిగ్రీల కోణంలో బయల్దేరిన రాడార్ కిరణం, భూమి వంపు వల్ల, ఇక్కడికి వచ్చేసరికి నేలకు 4 కిలోమీటర్ల పైన ఉంటుంది. దాని కింద ఏం జరుగుతోందో దానికి కనపడదు. వాన మబ్బుకు తేమ అందేదేమో ఆ కింది గాలిలోంచే.

అందుకే నేల మీది సెన్సార్లు ముఖ్యం. ఫోన్‌లో బారోమీటర్ ఉంటే అదీ ఒక సెన్సారే. అమెరికాలో వాషింగ్టన్ యూనివర్సిటీలో క్లిఫ్ మాస్ బృందం ఫోన్ల ప్రెషర్ రీడింగులను ఇలాగే మోడల్‌లో కలిపి చూసింది. సులువేం కాదు. సుమారు ఎనిమిదిన్నర మీటర్లు ఎక్కితే 1 హెక్టోపాస్కల్ తగ్గుతుంది. మీరు గిద్దలూరులో నంద్యాల బస్సెక్కి నల్లమల ఘాట్‌లో 85 మీటర్లు పైకెళ్తే, మీ ఫోన్ లెక్కలో 10 హెక్టోపాస్కల్స్ పడిపోయినట్టే. తుపాను వచ్చేసిందనుకోవాలి! అందుకే కదలని ఫోన్లనే ఎంచుకుని, అసలు విలువ కన్నా కొన్ని గంటల్లో వచ్చిన మార్పుకే ఎక్కువ విలువిస్తే మేలు.

ఇంకో చిక్కు, మన జేబులో ఉండే బడ్జెట్ ఫోన్లలో చాలావాటికి ఈ సెన్సారే ఉండదు. 2011 గెలాక్సీ నెక్సస్‌లోనే వచ్చింది, 2014 ఐఫోన్ 6లోనూ ఉంది. ఎవరూ వాడని 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరా తీసేసి ఇది పెట్టొచ్చుగా అని నా గోల. మీ ఫోన్‌లో ఉందో లేదో ఫైఫాక్స్ యాప్‌లో ప్రెషర్ ఆప్షన్ తెరిచి చూడండి. ఉంటే ఫోన్ పట్టుకుని మేడ ఎక్కండి. 3 మీటర్లకు 0.35 హెక్టోపాస్కల్ దాకా తగ్గాలి.