అమ్మానాన్నల ఫోనులో నెట్‌వర్క్ రావడం లేదా?

ఇండియా నుంచి వెర్రిబీకి వచ్చిన పెద్దవాళ్ల ఫోనులో ఇక్కడి సిమ్ వేస్తే ఒక్కోసారి నెట్‌వర్క్ రాదు. ఇంట్లో వైఫై మీద వాట్సాప్ పనిచేస్తుంది కాబట్టి ఎవరూ గమనించరు.

కారణం: టెల్‌స్ట్రా, ఆప్టస్ 2024 అక్టోబరు 28 నుంచి 3జీని ఆపడం మొదలుపెట్టాయి. కొన్ని ఫోన్లు మామూలు కాల్స్ 4జీలో చేసినా అత్యవసర కాల్‌కు 3జీనే వెతుకుతాయి. 000కి కాల్ వెళ్లని ఫోనుకు సర్వీసు ఇవ్వకూడదన్నది ఇక్కడి నిబంధన.

ఏం చేయాలి: ఫోను సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి, సెట్టింగ్స్‌లో వోల్టీ ఆన్ చేయండి. అయినా రాకపోతే *#06# నొక్కి, కనిపించే ఐఎంఈఐ నంబరు సిమ్ కంపెనీకి చెప్పి అడగండి. పనికిరాదంటే ఫోను మార్చక తప్పదు. పరీక్ష కోసం 000కి మాత్రం కాల్ చేయకండి.

పెద్దవాళ్లను ఇంట్లో వదిలి ఆఫీసుకు వెళ్లే ముందే ఇది చూసుకోండి.