డాలరు కబురు... పది లైన్లలో!

అమ్మాయి అమెరికాలో చదువుతోంది. ఫీజు గడువు దగ్గరపడుతోంది. నాన్నగారు పొద్దున్నే కాఫీకన్నా ముందు చూసేది... డాలరెంతుందని! మధ్యాహ్నం మరోసారి, పడుకోబోయే ముందు ఇంకోసారి. ఒక్క రూపాయి పెరిగితే ఇరవై వేల డాలర్ల ఫీజుకి అక్షరాలా ఇరవై వేలు అదనం మరి.

'ఎన్నిసార్లని చూస్తారు నాన్నా, ఆ పని కంప్యూటర్‌కి అప్పజెబుదాం' అంటాడు ఇంజినీరింగ్ చదివే పుత్రరత్నం. పైథాన్‌లో పది లైన్లు రాస్తాడు. ఆ చిన్న ప్రోగ్రామునే స్క్రిప్టు అంటారు.

అదెలా పనిచేస్తుంది? మనకు కనిపించే వెబ్‌పేజీలోని రంగులూ బొమ్మల వెనక ఉండేదంతా అక్షరాల చిట్టానే. స్క్రిప్టు దాన్ని తెప్పించుకుని, డాలరు పేరు పక్కనున్న అంకెను ఏరుకుంటుంది. బాగానే ఉంటుంది, ఆ సైటువాళ్లు పేజీ రూపురేఖలు మార్చేదాకా! మారాక స్క్రిప్టు ఆగిపోతే అదృష్టమే. ఆగకుండా పౌండు అంకెను తెచ్చి డాలరని చూపిస్తేనే అసలు చిక్కు. ఒక్కోసారి సేవే ఆగిపోతుంది. యాహూ ఫైనాన్స్ ఏళ్ల తరబడి ఉచితంగా ఇచ్చిన రేట్ల ఫైలు 2017 నవంబరులో ఆగింది. దాన్ని నమ్ముకున్న స్క్రిప్టులన్నీ మూగబోయాయి.

అందుకే యంత్రాలు చదవడానికే తయారుచేసిన ఫైళ్లను వెతుక్కోవడం మేలు. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు పనిదినాల్లో అక్కడి సాయంత్రం నాలుగింటి ప్రాంతంలో ఓ ఎక్స్‌ఎంఎల్ ఫైలు పెడుతుంది. అంటే మనకు వేసవిలో రాత్రి ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. ఒక యూరోకి ఏ కరెన్సీ ఎంతో అందులో ఉంటుంది. డాలరుకి రూపాయలెన్నో కావాలంటే చిన్న భాగహారం చేయాలి. ఉదాహరణకి యూరోకి 100 రూపాయలు, 1.25 డాలర్లు అనుకుంటే డాలరు 80 రూపాయలన్నమాట. రోజుకోసారి మారే ఫైలుని నిమిషానికోసారి అడగడం మాత్రం మర్యాద కాదు!

వంద యెన్లా... ఒక్కటా?

మన దేశంలో రిఫరెన్సు రేట్లను ఒకప్పుడు రిజర్వు బ్యాంకే లెక్కగట్టేది. 2018 జులై నుంచి ఎఫ్‌బీఐఎల్ అనే సంస్థ ఆ పని చేస్తోంది. ఇక్కడో మెలిక ఉంది. డాలరు, యూరో, పౌండు రేట్లు ఒక్కోదానికి ఇస్తే, జపాన్ యెన్‌ది మాత్రం వందకి ఇస్తారు. ఆ సంగతి చూసుకోని స్క్రిప్టు యెన్ విలువను ఏకంగా నూరింతలు చేసేస్తుంది.

ఇంకోటి... శని, ఆదివారాల్లో కొత్త రేటు రాదు. స్క్రిప్టు ఠంచనుగా శుక్రవారం అంకెనే తెస్తుంది. తప్పేం కాదు కానీ పక్కన తేదీ వేయకపోతే నాన్నగారు దాన్ని తాజా ధర అనుకుంటారు.

అంతా సరిగ్గా ఉన్నా ఫీజు కట్టే రోజు ఆ ధరకి డాలర్లు రావు. ఈ రేట్లు సమాచారం కోసమేనని యూరోపియన్ బ్యాంకే చెబుతుంది. మనం కొంటున్నామంటే బ్యాంకు అమ్ముతున్నట్టు. కాబట్టి వర్తించేది 'టీటీ సెల్లింగ్ రేటు'. అది మార్కెట్ ధరకన్నా ఎక్కువే ఉంటుంది, ఆపైన ఛార్జీలు, జీఎస్టీ. ఎంత తేడా అన్నది బ్యాంకుని బట్టి మారుతుంది.

పుత్రరత్నం స్క్రిప్టులో ఇప్పుడు తేదీ కూడా కనిపిస్తోంది. దాని కింద ఓ ఖాళీ గడి పెట్టాడు. ఫీజు కట్టే రోజు నాన్నగారు బ్యాంకుకి ఫోన్‌చేసి, వాళ్లు చెప్పిన అంకెను స్వయంగా అందులో నింపాలి.